మాజీ సైనికుల సభలో ర్యాంకు తగువులు రాకుండా

జనవరి 14 వెటరన్స్ డే అయినా, జూలై 26 కార్గిల్ దివస్ అయినా, టెక్కలిలో కలిసినా రాజాంలో కలిసినా తగువు మొదలయ్యేది ఆహ్వాన పత్రిక దగ్గరే. పేర్ల జాబితా పది రోజుల ముందే తేల్చుకోండి.

నోటిమాట మీద ర్యాంకు రాయొద్దు. ఒక్కొక్కరి దగ్గరా డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) జిరాక్సులు తీసుకోండి. తేడా పడేది ముఖ్యంగా రెండు చోట్ల. మొదటిది ఎంఏసీపీ అనే జీతం పెంపు పద్ధతి. ప్రమోషన్ లేకపోయినా 8, 16, 24 ఏళ్ల సర్వీసుకు పై మెట్టు జీతం వస్తుంది. అందుకని నాయక్‌గా ఇంటికొచ్చినాయన హవల్దారు మెట్టు పెన్షన్ తీసుకుంటూ ఉండొచ్చు, ర్యాంకు మాత్రం నాయకే. రెండోది గౌరవ ర్యాంకు. హవల్దారుకు రిటైరయ్యాక గౌరవ నాయబ్ సుబేదారు, జేసీఓలకు (నాయబ్ సుబేదారు నుంచి సుబేదారు మేజరు దాకా) జనవరి 26, ఆగస్టు 15 జాబితాల్లో గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ ఇస్తారు. 'గౌరవ' అన్న మాట ఎగిరిపోతే కమిషన్ మీద, అంటే పూర్తి ఆఫీసరు హోదాలో, కెప్టెన్ అయినాయన ముఖం ముడుచుకుంటారు. ర్యాంకే ఎగిరిపోతే సుబేదారుగారి ఇంటిల్లిపాదీ అలుగుతారు. రాసే తీరు ఇదీ: ముందు ర్యాంకు, తర్వాత పేరు, చివర 'రిటైర్డ్'.

విశాఖ పక్కనే కాబట్టి నేవీ వాళ్లూ వస్తారు. హవల్దార్, పెట్టీ ఆఫీసర్, ఎయిర్‌ఫోర్స్ సార్జెంట్ ఒక మెట్టు. నాయబ్ సుబేదార్, చీఫ్ పెట్టీ ఆఫీసర్, జూనియర్ వారంట్ ఆఫీసర్ ఆ పైది. ఒకే మెట్టు వాళ్లలో వయసు చూసి పేరు ముందు వేయండి. ప్రమోషన్ తేదీలు తవ్వితే తెల్లారిపోతుంది.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్‌లో చేసినవాళ్లు మన ఊళ్లలో చాలామంది. వాళ్లనీ మర్యాదగా పిలవండి. కానీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికిచ్చే జాబితాలో కలపకండి. ప్రభుత్వ లెక్కలో వాళ్లు మాజీ సైనికుల కిందికి రారు. ఈ మాట సభలో కాదు, ముందే ఇంటికెళ్లి చెప్పాలి.

కుర్చీల్లో ముందు వరస వీరనారులకు (అమరులైన సైనికుల భార్యలకు), భర్త ర్యాంకు అడక్కుండా. వేదిక మీద తప్ప ఇంకెక్కడా పేర్ల చీటీలు అంటించొద్దు. యూనిఫాం వద్దు. మెడల్స్ ఎడమ ఛాతీ మీద పెట్టుకుంటే చాలు. అమరులకు పెట్టే పుష్పగుచ్ఛాలు నాలుగుకు మించనివ్వకండి. చిన్న ర్యాంకు నుంచి మొదలుపెట్టి, వీరనారి చేత ఆఖరిది పెట్టించి, రెండు నిమిషాలు మౌనం. ఆ రెండు నిమిషాలూ ఫొటోగ్రాఫర్‌ని కూడా నిలబెట్టేయండి.

మైకులో ర్యాంకు, పేరు, గారు. మైకు దిగాక వరసలే. సిపాయిగా రిటైరైన పెద్దాయన్ని సుబేదారుగారు 'మావయ్యా' అనే పిలుస్తారు. ఆ మావయ్య అలవాటు కొద్దీ 'సాబ్' అంటే అననివ్వండి, సరిదిద్దొద్దు. అసలు చెడేది పని పంపకంలో. షామియానా, వడ్డన సిపాయిలకీ, మైకు సుబేదార్లకీ అని పంచితే వచ్చే ఏడాది సగంమంది రారు. అరవై లోపువాళ్లందరూ, ఏ ర్యాంకైనా సరే, గరిటె పట్టాలి. ఎవరి క్యాంటీన్ కార్డు మీద ఎన్ని మద్యం సీసాలు వస్తాయన్న కబుర్లు మాత్రం భోజనాల దగ్గర ఎత్తనివ్వకండి.

చందా అందరికీ ఒకటే పెట్టండి. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాల మీద నడవాలి, ఆ ఇద్దరూ ఒకే యూనిట్ వాళ్లు కాకూడదు.