టొరంటోలో గొడ్డలి విసిరే ఆటకు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

గొడ్డళ్లు విసరడం లీగ్ ఆటగా 2006లో టొరంటోలోని ఓ ఇంటి పెరట్లో మొదలైంది. ఆ ఊరికి ట్రిప్ వెళ్లే ఫ్రెండ్స్‌కి ఇది మంచి సాయంత్రమే, కాకపోతే చేతిలో ఉండేది నిజం గొడ్డలి.

• కాలివేళ్లు కప్పే బూట్లు వేసుకోండి. చెప్పులతో వెళ్తే లేన్‌లోకి (గొడ్డలి విసిరే చోటుకి) రానివ్వరు. చున్నీ, వేలాడే గొలుసులు తీసేయండి.
• వయసు నిబంధన ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. పిల్లలుంటే బుకింగ్‌కి ముందే అడగండి.
• వేవర్‌ని (దెబ్బ తగిలితే బాధ్యత మీదేనని ఒప్పుకునే కాగితాన్ని) చదివాకే సంతకం పెట్టండి.
• బీరు అక్కడే అమ్ముతున్నా, ఆట అయ్యాకే.
• కోచ్ చెప్పేటప్పుడు రీల్స్ వద్దు.

అసలు జాగ్రత్త లేన్‌లో కావాలి. గొడ్డలిని చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. ఒకరు కింద పెడితే ఇంకొకరు తీసుకోవాలి. గురి చూసి కొట్టాల్సిన బోర్డు సుమారు 12 అడుగుల దూరంలో ఉంటుంది. గొడ్డలి గాల్లో ఒక్క చుట్టు తిరిగి, పదునువైపు దిగాలి. పిడో, వెనకభాగమో తగిలితే అది వెనక్కి ఎగిరొస్తుంది, కాబట్టి విసిరాక కూడా కళ్లు దానిమీదే ఉండాలి. బలం చూపించాలనుకునే మన హీరోలకే ఇలా ఎక్కువగా జరుగుతుంది! గట్టిగా విసరడం కన్నా అర అడుగు ముందుకో వెనక్కో జరిగి చూడటం మేలు. పక్కవాళ్లు కూడా విసిరేశాకే బోర్డు దగ్గరికి వెళ్లండి. దిగిన గొడ్డలిని గుంజొద్దు. పిడిని పైకీ కిందికీ మెల్లగా కదిలిస్తే ఊడొస్తుంది.

భుజం నొప్పి ఉన్నవాళ్లు స్కోరు రాయండి.