కుట్టు ఊగడం ఆగాక బంతి వంగింది

క్రికెట్‌లో కొత్త బంతితో వేసినా నా అవుట్‌స్వింగర్ (కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా బయటికి వంగాల్సిన బంతి) నేరుగా వెళ్లిపోయేది. ఒక వైపు మెరుగు పెట్టడం, రనప్ పెంచడం, మబ్బు పట్టిన రోజు కోసం ఎదురుచూడడం, అన్నీ వృథా.

చివరికి ఫోనులో స్లో మోషన్ వీడియో తీస్తే అసలు దోషం కనిపించింది. బంతి చుట్టూ ఉండే కుట్టు (సీమ్) నిలకడగా లేదు, ఆగబోయే బొంగరంలా ఊగుతోంది. కుట్టు ఒకవైపు వాలి స్థిరంగా ఉంటే ఆ వైపు గాలి పొర అల్లకల్లోలమై బంతిని ఎక్కువసేపు అంటిపెట్టుకుంటుంది. నున్నని వైపు గాలి పొర ముందే విడిపోతుంది. ఆ తేడాయే బంతిని కుట్టు చూపే వైపు తోస్తుంది. కుట్టు ఊగితే తేడా చెరిగిపోతుంది.

ముందు పట్టు మార్చాను. చూపుడువేలు, మధ్యవేలు కుట్టుకు చెరో పక్క. బొటనవేలి అంచు సరిగ్గా కింద, కుట్టు మీదే. అరచేతికి బంతి తగలకూడదు. తర్వాత నిలబడిన చోటే, రెండు వేళ్లూ ఒకేసారి వదిలేలా, బంతి వెనక్కి తిరిగేలా పైకి ఎగరేయడం. వారం రోజులు ఇదే పని, ఇంట్లోవాళ్లు విసుక్కున్నారు కూడా. కుట్టు కదలని గీతలా కనిపించాకే పరుగు మొదలుపెట్టాను. మణికట్టును బంతి వెనకే ఉంచి, కుట్టును మొదటి స్లిప్ (వికెట్‌కీపర్ పక్కన నిలబడే ఫీల్డర్) వైపు సుమారు 20 డిగ్రీలు తిప్పాను. మూడో బంతికే వంగింది!

అయితే ఆ సాయంత్రం లెగ్ సైడ్ నుంచి గాలి వీస్తోంది; దాని వాటా ఎంతో చెప్పలేను. పైగా నాది మధ్యస్థ వేగం. గంటకు 140 కిలోమీటర్లు దాటి వేసేవారికి, గరుకెక్కిన పాత బంతికి ఈ లెక్క తిరగబడవచ్చు. రివర్స్ స్వింగ్, అంటే బంతి ఎదురు వైపు వంగడం, అక్కడే పుడుతుంది.