కొత్త ఎక్స్‌టెన్షన్‌లో డొమైన్ పేరు కొని నిలబెట్టడం ఎలా?

విశాఖలో చిన్న వ్యాపారులకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇవ్వడం నా వృత్తి. కొత్త ఎక్స్‌టెన్షన్ (డాట్ కామ్‌లా వెబ్ చిరునామా చివర వచ్చే భాగం) అమ్మకానికి వచ్చిన ప్రతిసారీ ఒకే తంతు చూస్తున్నాను. ఆఫర్ ధర చూసి డజన్ల కొద్దీ పేర్లు కొనేస్తారు. వాటి మీద ఒక్క పేజీ కూడా పెట్టరు. ఏడాది తిరిగేసరికి రెన్యువల్ బిల్లు చూసి గుండె ఝల్లుమని అన్నింటినీ వదిలేస్తారు. ఆ తర్వాత డొమైన్ల వ్యాపారమే మోసమని నలుగురికీ చెబుతారు. పేరు కొని పడుకోబెడితే ఎవరికైనా ఏం వస్తుంది? కొనడానికి పది నిమిషాలు చాలు. కొనేముందు చదవాల్సినవి, కొన్నాక చేయాల్సినవి మాత్రం చాలా ఉన్నాయి.

కావలసినవి

మీ సొంత ఈమెయిల్, ఒక కార్డు లేదా యూపీఐ, ఒక ఎక్సెల్ షీటు. అంతే. డొమైన్లు అమ్మే సైట్‌లో ఖాతా మీ పేరుతోనే తెరవండి, వెబ్‌సైట్ చేసేవాడి పేరుతో వద్దు. రెండంచెల భద్రత పెట్టుకోండి. కొన్న వెంటనే ధ్రువీకరణ ఈమెయిల్ వస్తుంది. అందులోని లింకును 15 రోజుల్లోగా నొక్కకపోతే డొమైన్ ఆగిపోతుంది. చాలామంది దాన్ని ప్రకటన అనుకుని చెత్తబుట్టలో వేస్తున్నారు.

తొందర ఎందుకు వద్దంటే

ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 2012లో కొత్త ఎక్స్‌టెన్షన్లకు దరఖాస్తులు పిలిస్తే 1,930 వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు రుసుము 1,85,000 డాలర్లు. 2013 చివరి నుంచి అవి ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి: డాట్ కాఫీ, డాట్ టాయ్స్, డాట్ ఎక్స్‌వైజెడ్, డాట్ యాప్ వంటివి వందలు. తర్వాతి విడత దరఖాస్తులకు 2026 ఏప్రిల్‌ను ఖరారు చేసి, రుసుమును 2,27,000 డాలర్లకు పెంచారు. అంటే ఇంకా వస్తూనే ఉంటాయి. ఈరోజు దొరకకపోతే ఇక ఎప్పటికీ దొరకదన్న ప్రచారాన్ని నమ్మకండి.

కొత్త ఎక్స్‌టెన్షన్ తెరిచినప్పుడు మొదట ట్రేడ్‌మార్క్ ఉన్నవారికి కనీసం 30 రోజులు అవకాశం ఇస్తారు. తర్వాత కొన్నిచోట్ల రోజురోజుకూ ధర తగ్గించుకుంటూ వచ్చే ముందస్తు దశ ఉంటుంది. ఆ దశలో కొనకూడదు. అందరికీ తెరిచాక మిగిలిన పేర్లలో మంచిది దొరక్కపోతే ఆ ఎక్స్‌టెన్షన్‌నే వదిలేయాలి.

పేరు ఎంచుకోవడం

రెండు మాటలకు మించకూడదు. అంకెలు వద్దు, మధ్యలో గీతలు వద్దు. పేరు, ఎక్స్‌టెన్షన్ కలిపి చదివితే ఒకే మాటలా వినిపించాలి. ఊరి పేరు కలుపుకోవాలంటే వైజాగ్ అని ఇంగ్లిష్‌లో అయిదు అక్షరాల్లో అయిపోతుంది. విశాఖపట్నం అని పెడితే పదమూడు. అందులో ఎక్కడ హెచ్ పెట్టాలో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు.

పేరు అనుకున్నాక గాజువాకలోనో అనకాపల్లిలోనో ఉన్న బంధువుకు ఫోను చేసి, ఆ పేరు ఒక్కసారే చెప్పి, కాగితం మీద రాసి ఫొటో పంపమనండి. తప్పు రాశారంటే ఆ పేరు పనికిరాదు. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు దీర్ఘాల దగ్గర, ళ దగ్గర ఈ చిక్కు తప్పదు. తెలుగు లిపిలోనే డాట్ భారత్ డొమైన్ కూడా తీసుకోవచ్చు. చాలా వెబ్ ఫారాలు ఆ డొమైన్‌తో ఉన్న ఈమెయిల్‌ను ఇంకా ఒప్పుకోవడం లేదు కాబట్టి దాన్ని రెండో చిరునామాగానే ఉంచండి.

అసలు మెట్టు: రెన్యువల్ ధర

ఇక్కడే అందరూ పడిపోతున్నారు. నెమ్మదిగా చదవండి.

డొమైన్ కొన్నామంటాం గానీ, నిజానికి ఏడాది చొప్పున అద్దెకు తీసుకుంటున్నాం. ఎక్స్‌టెన్షన్‌కు యజమాని రిజిస్ట్రీ. మనకు అమ్మేది రిజిస్ట్రార్. మొదటి ఏడాది రాయితీ గిరాకీ తెచ్చుకోవడానికి ఇచ్చేది. అసలు ధర రెండో ఏడాది మొదలవుతుంది. రిజిస్ట్రార్ పేజీలో పేరు వెతకగానే పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటి ఏడాది ధర. దాని కింద బూడిదరంగులో, చిన్న అక్షరాల్లో రెన్యువల్ ధర ఉంటుంది. కొన్నిచోట్ల అది కార్టులోకి వెళ్లాకే కనిపిస్తుంది, కొన్నిచోట్ల వేరే ధరల పట్టికలో వెతుక్కోవాలి. కనిపించేదాకా కార్డు బయటికి తీయొద్దు.

లెక్క అయిదేళ్లకు వేయండి. ఉదాహరణకు మొదటి ఏడాది 150 రూపాయలు, రెన్యువల్ 3,500 అనుకుందాం. అయిదేళ్లకు 14,150 అవుతుంది, దాని మీద 18 శాతం జీఎస్‌టీ అదనం. అలాంటివి ఇరవై కొంటే పన్ను కలపకుండానే 2,83,000. నూటయాభై రూపాయల పేర్లు అనుకుని కొన్నవాళ్లు నిజంగా ఒప్పుకున్న ఖర్చు అది. అదే మొత్తంతో రెండే పేర్లు కొని వాటి మీద మంచి సైట్లు కట్టినవారు నాకు తెలుసు, అవి ఇప్పటికీ నడుస్తున్నాయి. అందుకే నా దగ్గరికి వచ్చినవారికి మొదటి ఏడాది రెండు పేర్లకు మించి కొననివ్వను.

తర్వాత ప్రీమియం పేర్లు. రిజిస్ట్రీ కొన్ని మంచి మాటలను ముందే పక్కన పెట్టి ఎక్కువ ధరకు అమ్ముతుంది. కొన్నింటికి ఆ ధర ఒక్కసారే, తర్వాత మామూలు రెన్యువల్. కొన్నింటికి ప్రతి ఏడాదీ అదే ప్రీమియం. ఈ రెండో రకం పేరును, మీ వ్యాపారం ఇప్పటికే బాగా నడుస్తుంటే తప్ప కొనకూడదు. ఏ రకమో పేజీలో స్పష్టంగా లేకపోతే రిజిస్ట్రార్‌కు ఈమెయిల్ రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోనులో చెప్పిన మాట రేపు పనికిరాదు.

మామూలు పేర్లకు కొంత రక్షణ ఉంది. ఐకాన్ ఒప్పందం ప్రకారం రిజిస్ట్రీ రెన్యువల్ ధర పెంచాలంటే 180 రోజుల ముందు రిజిస్ట్రార్లకు తెలియజేయాలి. పెంపు అమల్లోకి వచ్చేలోగా పాత ధరకే గరిష్ఠంగా పదేళ్ల వరకు రెన్యువల్ చేయించుకోవచ్చు. రిజిస్ట్రీ అసలు రేటే పెంచకూడదన్న నిబంధన మాత్రం లేదు. 2017లో యూనిరిజిస్ట్రీ అనే రిజిస్ట్రీ తన ఎక్స్‌టెన్షన్లలో కొన్నింటి ధరలను ఒక్కసారిగా బాగా పెంచుతున్నట్టు ప్రకటించింది. కాబట్టి సైట్ నిలదొక్కుకుందని తేలగానే అయిదారేళ్లకు ఒకేసారి కట్టేయండి. రిజిస్ట్రార్ పంపే ధరల సమాచారాన్ని చదవకుండా తీసేయొద్దు.

రెండక్షరాల ఎక్స్‌టెన్షన్ల సంగతి వేరు. అవి దేశాల, భూభాగాల కోడ్లు, పై రక్షణ వాటికి వర్తించదు. డాట్ ఏఐ కరీబియన్‌లోని అంగ్విలా దీవిది. డాట్ ఐఓ బ్రిటిష్ ఇండియన్ ఓషన్ టెరిటరీది. చాగోస్ దీవులను మారిషస్‌కు అప్పగిస్తామని బ్రిటన్ 2024లో ప్రకటించినప్పటి నుంచి దాని భవిష్యత్తు మీద చర్చ నడుస్తోంది. ఉచితంగా పంచిపెట్టిన డాట్ ఎంఎల్, డాట్ జీఏలను మాలి, గాబన్ దేశాలు 2023లో వెనక్కి తీసుకున్నాయి. ఉచిత పేరు మీద కట్టుకున్నవారి శ్రమంతా పోయింది. మన డాట్ ఇన్ కూడా దేశపు కోడే అయినా, నిర్వహణ నిక్సీ అనే మన దేశ సంస్థది. ఇన్నేళ్లుగా నిలకడగా ఉంది కాబట్టి దాని విషయంలో నాకు భయం లేదు.

ఇతరుల పేర్లు ముట్టుకోవద్దు

గూగుల్ 2025 అక్టోబరులో విశాఖలో అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. అలాంటి వార్త వస్తే కంపెనీ పేరు, ఊరి పేరు కలిపి డొమైన్ కొనేయాలని కుర్రాళ్లకు అనిపిస్తుంది. ఆ కంపెనీ మీ దగ్గరికి వచ్చి కొనదు, ఫిర్యాదు చేస్తుంది. డొమైన్ పేర్ల వివాదాలు తేల్చే యూడీఆర్‌పీ విధానం 1999 నుంచి ఉంది. పేరు తమ ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉందని, మీకు దాని మీద హక్కు లేదని, దురుద్దేశంతో తీసుకుని వాడుతున్నారని రుజువు చేస్తే పేరు వారికి పోతుంది. డాట్ ఇన్‌కు ఐఎన్‌డీఆర్‌పీ అని ఇలాంటి విధానమే ఉంది.

భౌగోళిక గుర్తింపు ఉన్న పేర్లతోనూ జాగ్రత్త. ఏటికొప్పాక బొమ్మలకు, అరకు వ్యాలీ అరబికా కాఫీకి ఆ గుర్తింపు ఉంది. అక్కడ తయారుకాని సరుకును ఆ పేరుతో అమ్మితే చట్టం ఊరుకోదు.

కట్టడం

పేరు కొన్న వారంలోపు కనీసం ఒక్క పేజీ పెట్టాలి. ప్రకటనలు చూపించే పార్కింగ్ పేజీ పెట్టి కూర్చోవడం నాకు ససేమిరా నచ్చదు. వచ్చిన మనిషికి అక్కడ చదవడానికి ఏమీ ఉండదు, వచ్చే ఆదాయం రెన్యువల్‌కే చాలదు. ఎక్స్‌టెన్షన్ కొత్తదైతే గూగుల్ వెతుకులాటలో పైకి వస్తుందన్న ప్రచారం కూడా అబద్ధం. కొత్తవాటినీ పాతవాటితో సమానంగానే చూస్తామని గూగుల్ 2015లోనే చెప్పింది. పైకి తెచ్చేది పేజీలో ఉన్న విషయమే.

ఆ విషయం ఎలా ఉండాలో డాట్ టాయ్స్‌లో లక్క బొమ్మల సైట్ కడుతున్నామనుకుని చూడండి. కొనేవారిలో ఎక్కువమంది పసిపిల్లల తల్లులు. వాళ్ల మొదటి ప్రశ్న ధర గురించి ఉండదు: “పాప నోట్లో పెట్టుకుంటే ఏమైనా అవుతుందా అండీ?” కాబట్టి మొదటి పేజీలోనే ఈ బొమ్మలను అంకుడు కర్రతో చేస్తారని, చెట్ల నుంచి తీసిన రంగులను లక్కలో కలిపి తిరుగుతున్న బొమ్మకు అద్దుతారని రాయాలి. తిరుగుడు యంత్రం మీద కర్రకు రంగు అంటుకుంటున్న ఫొటో పెట్టాలి. ఏ బొమ్మలో ఊడి వచ్చే చిన్న ముక్కలు ఉన్నాయో, అది ఏ వయసు పిల్లలకు ఇవ్వకూడదో దాచకుండా చెప్పాలి. వాట్సాప్ నంబరు పైనే కనిపించాలి. ఇంత ఉన్న పేజీ ముందు “త్వరలో వస్తుంది” అని రాసిపెట్టిన వంద డొమైన్లు నిలవవు.

డాట్ యాప్, డాట్ డెవ్ తీసుకుంటే హెచ్‌టీటీపీఎస్ (సైట్‌ను భద్రంగా తెరిచే పద్ధతి) లేకుండా బ్రౌజర్‌లో సైట్ తెరుచుకోదు. దానికి కావలసిన సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది. ఈమెయిల్‌కు ఎస్‌పీఎఫ్, డీకేఐఎం రికార్డులు (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపేవి) మొదటిరోజే పెట్టండి. చవకగా దొరికే ఎక్స్‌టెన్షన్లను మోసగాళ్లు కూడా వాడుతుంటారు కాబట్టి మీ మెయిల్ స్పామ్‌లోకి పోయే అవకాశం ఎక్కువ.

గడువు, అమ్మకం

ఆటో రెన్యువల్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల వల్ల, ముందస్తు అనుమతి నమోదు కాకపోతే విదేశీ రిజిస్ట్రార్‌కు మన కార్డు నుంచి డబ్బు దానంతటది వెళ్లదు. గడువు తేదీకి రెండు నెలల ముందు షీటులో గుర్తు పెట్టుకుని చేత్తో కట్టండి. గడువు దాటాక కొన్ని రోజులు మామూలు ధరకే ఇస్తారు. ఆ తర్వాత 30 రోజుల పాటు భారీ జరిమానాతో మాత్రమే తిరిగి వస్తుంది. అదీ దాటితే 5 రోజుల్లో పేరు తొలగిపోయి ఎవరికైనా దొరుకుతుంది.

అమ్మాలనుకుంటే సైట్‌కు ఎంతమంది వస్తున్నారో, ఎన్ని ఆర్డర్లు వస్తున్నాయో లెక్కలు చూపించి అడగండి. కొన్న మొదటి 60 రోజుల్లో పేరును వేరే రిజిస్ట్రార్‌కు మార్చడం సాధారణంగా కుదరదు. కొనేవారికి కూడా మీ రిజిస్ట్రార్ దగ్గరే ఖాతా తెరిపించి అందులోకి మార్పించడం నయం. డబ్బు ఎస్క్రో ఖాతాలో (బేరం పూర్తయ్యేదాకా డబ్బును మధ్యవర్తి సంస్థ ఉంచుకునే ఖాతా) జమ అయిందని ఆ ఎస్క్రో సైట్‌లోకి మీరే లాగిన్ అయి చూసుకునేదాకా బదిలీ కోడ్ ఎవరికీ పంపకండి. చెల్లింపు స్క్రీన్‌షాట్ పంపి కోడ్ అడిగేవారితో బేరం అక్కడితో ఆపేయండి.