చుట్ట, బీడీ, ఖైనీ అలవాటున్న బాలింత పాలివ్వడం ఎలా

బాలింత చాటుగా చుట్ట కాలుస్తోందని తెలిసిన రోజున చాలా ఇళ్ళలో మొదట జరిగేది పాలు మాన్పించి డబ్బా పాలు తెప్పించడం. అది తప్పు. ఇంట్లో పొగ ఎటూ ఉంటుంది. దానికి తోడు విరేచనాల నుంచి, న్యుమోనియా నుంచి కాపాడే తల్లిపాలు కూడా బిడ్డకు పోతాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2001లోనే పొగాకులో ఉండే నికోటిన్‌ను, ‘తల్లి వాడితే పాలివ్వకూడని’ పదార్థాల జాబితా నుంచి తీసేసింది. మానాల్సింది పొగాకు. మానేదాకా పాలకూ పొగాకుకూ మధ్య ఎంత ఎడం పెట్టగలిగితే అంత మంచిది.

పాలలోకి ఎంత వస్తుంది, ఎప్పుడు పోతుంది

పాలు రక్తం కంటే కొంచెం ఆమ్లంగా ఉంటాయి. అందుకే నికోటిన్ అక్కడ పోగుపడి, రక్తంలో ఉన్నదానికి దాదాపు మూడు రెట్లు అవుతుంది. అయితే అది అక్కడే నిలిచిపోదు. రక్తంలో తగ్గేకొద్దీ పాలలోంచి కూడా వెనక్కి వెళ్ళిపోతుంది. గంటన్నరకు సుమారు సగం పోతుంది, మూడు గంటలకు నాలుగో వంతు మిగులుతుంది. పాలు పిండి పారబోస్తే నికోటిన్ త్వరగా పోతుందనుకోవడం పొరపాటు. పోవాల్సింది రక్తంలోంచి, దానికి కాలమే మందు.

ఈ లెక్క ఒక సిగరెట్‌కో బీడీకో సరిపోతుంది. చుట్టకు సరిపోదు. చుట్టను ఒక్కసారిగా కాల్చేయరు. కాసేపు పీల్చి, ఆర్పి, మళ్ళీ అంటిస్తూ పూటంతా సాగదీస్తారు. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తాగే ఆడవాళ్ళు నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుంటారు. ‘పొగ లోపలికి లాగను, నోట్లోనే ఉంచుకుంటా’ అంటే లాభం లేదు. చుట్ట పొగ క్షారగుణం ఉన్నది కాబట్టి నోటి పొరలోంచే నికోటిన్ రక్తంలోకి ఎక్కుతుంది. ఖైనీలో సున్నం కలిపేదీ అందుకే. పళ్ళకు రుద్దే పొడుం, దవడన పెట్టుకునే ఖైనీ వల్ల పొగ ఉండదన్నది నిజమే, పాలలోకి నికోటిన్ రావడం మాత్రం తప్పదు. పైగా దవడన ఉన్నంతసేపూ ఎక్కుతూనే ఉంటుంది. ‘లైట్’ సిగరెట్‌కు మారడం వల్ల కూడా తేడా రాదు, గట్టిగా పీల్చి అంతే నికోటిన్ రాబట్టుకుంటారు.

బిడ్డలో ఏం కనిపిస్తుంది

మొదట చెడేది నిద్ర. 2007లో అమెరికాలో 15 మంది తల్లుల మీద చేసిన పరిశీలనలో, తల్లి పొగ తాగాక మూడున్నర గంటల్లో బిడ్డలు సగటున 53 నిమిషాలు నిద్రపోయారు. తాగని రోజున అదే వ్యవధిలో 84 నిమిషాలు. చిరాకు, ఊరికే ఏడుపు, కడుపునొప్పితో కాళ్ళు ముడుచుకోవడం కూడా ఎక్కువ. మోతాదు బాగా ఎక్కువైతే వాంతులు, విరేచనాలు, గుండె దడ రావచ్చు.

పాలు తగ్గడం మెల్లగా తెలుస్తుంది. పాలు తయారయ్యేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను నికోటిన్ తగ్గిస్తుంది. పొగ తాగే తల్లుల పాలలో అయోడిన్ కూడా సగానికి పడిపోతుందని డెన్మార్క్‌లో చూశారు. పొగలోంచి రక్తంలో చేరే థయోసయనేట్ అయోడిన్‌ను పాలలోకి పోనివ్వదు. కాబట్టి అయోడిన్ ఉప్పే వాడండి, కూర దించాక వేయండి. బిడ్డకు పాలు చాలుతున్నాయా అన్నది తడిపే బట్టలు చెబుతాయి: మొదటి వారం దాటాక రోజుకు ఆరు, అంతకు మించి తడపాలి. మొదటి మూడు నెలల్లో బరువు రోజుకు 20–30 గ్రాములు పెరగాలి. అంగన్‌వాడీలో తూయించండి.

మానేదాకా రోజు ఎలా నడపాలి

ముందు పాలు, తర్వాత పొగ. ఈ వరస మారకూడదు. పాలిచ్చిన వెంటనే కాలిస్తే తర్వాతి పాల వేళకు రెండు, మూడు గంటలు దొరుకుతాయి. ఆలోగా బిడ్డ ఆకలికి ఏడిస్తే గడియారం చూడకుండా పాలివ్వండి. పస్తు పెట్టడం కంటే అదే మేలు. తెల్లవారి మొదటి చుట్టకు ముందు పాలు పిండి ఉంచుకుంటే ఇలాంటప్పుడు పనికొస్తాయి. 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మన వేసవిలో బయట ఉంచవద్దు. ఉగ్గుగిన్నెతో పట్టండి.

పాలిస్తూ కాల్చడం అన్నిటికంటే చెడ్డది: పాలలోంచి ఒకటి, గాలిలోంచి ఒకటి, మీద నిప్పు రవ్వ పడే ప్రమాదం మరొకటి.

కాల్చాలంటే ఇంటి బయటికి వెళ్ళండి. కిటికీ తెరవడం, ఫ్యాన్ వేయడం చాలవు. గుమ్మంలో నిలబడితే పొగ లోపలికే వస్తుంది. పైన ఒక పాత చొక్కా వేసుకుని, తలకు గుడ్డ కట్టుకుని వెళ్ళి, వచ్చాక రెంటినీ బయటే విడిచి, సబ్బుతో చేతులు, ముఖం కడిగి, నోరు పుక్కిలించి అప్పుడు బిడ్డను ఎత్తుకోవాలి. ఈ నియమం భర్తకూ వర్తిస్తుంది, చుట్ట కాలుస్తూ బిడ్డకు నూనె రాసి నీళ్ళు పోసే నాయనమ్మకూ వర్తిస్తుంది. ఆవిడకు చెప్పడమే అన్నిటికంటే కష్టం. కోడలి కంటే కొడుకు చెబితే పని జరుగుతుంది. ఆ చేత్తోనే స్నానం తర్వాత సాంబ్రాణి పొగ పట్టడం కూడా మాన్పించండి, పసి ఊపిరితిత్తులకు ఏ పొగైనా పొగే.

రాత్రి పక్క విషయంలో రాజీ వద్దు. తల్లిదండ్రుల్లో ఎవరు పొగ తాగినా బిడ్డను తమ పక్కలో వేసుకోకూడదు. నిద్రలో పసివాళ్ళు హఠాత్తుగా చనిపోయే ప్రమాదం అక్కడే బాగా పెరుగుతుంది. అదే గదిలో, చేయి చాపితే అందేంత దూరంలో, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. దిండు వద్దు.

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే తల్లులు పొగ తాగకపోయినా పొగాకు దుమ్ము వాళ్ళ చేతులకు, చీర కొంగుకు అంటుకుంటుంది. చాట పక్కన ఊయల కట్టవద్దు. పాలివ్వబోయే ముందు చేతులు, రొమ్ము కడుక్కుని పైబట్ట మార్చాలి. పచ్చి పొగాకు తడిగా ఉన్నప్పుడు చర్మంలోంచే నికోటిన్ ఎక్కుతుంది కాబట్టి తోటల్లో ఆకు కోసేవాళ్ళకూ ఇదే జాగ్రత్త.

మానడం

ఒకటొకటిగా తగ్గించడం చాలామంది చేసేదే. అయితే మిగిలినదాన్ని మరింత గట్టిగా పీలుస్తారు, నికోటిన్ అంతగా తగ్గదు. ఒక తేదీ పెట్టుకుని ఆ రోజున పూర్తిగా ఆపేయడం నయం. మొదటి మూడు రోజులు గట్టిగా లాగుతుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతుంది. ఒక్కో కోరిక మూడు నుంచి ఐదు నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు సోంపో లవంగమో నములుతూ గడపవచ్చు. వక్క మాత్రం వద్దు, దానితో నోటి క్యాన్సర్ వస్తుంది.

చాలామంది తప్పేది టీ దగ్గర. కాల్చిన పొగాకు పొగ కెఫీన్‌ను ఒంట్లోంచి త్వరగా పంపేస్తుంది. మానగానే అదే నాలుగు కప్పుల టీ రెట్టింపు పని చేస్తుంది. నిద్ర పట్టదు, గుండె దడ. ఇది మానినందువల్లేనని మళ్ళీ అంటిస్తారు. మానిన రోజు నుంచే టీ, కాఫీ సగం చేయండి. పాలలోకి వచ్చే కెఫీన్ కూడా తగ్గుతుంది.

తట్టుకోలేకపోతే డాక్టర్‌ను అడిగి 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ వాడవచ్చు. పాలిచ్చిన వెంటనే వేసుకోవాలి. బబుల్‌గమ్‌లా నమలకూడదు. ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. ఇలా అరగంట. గబగబా నమిలి మింగితే ఎక్కిళ్ళు, కడుపులో మంట. పావుగంట ముందు నుంచి టీ, కాఫీ తాగితే మందు ఎక్కదు. చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ అయితే బలాన్ని బట్టి పాలలోకి వచ్చేది మారుతుంది: 21 మిల్లీగ్రాములది రోజుకు 17 సిగరెట్లు తాగినంత, 7 మిల్లీగ్రాములది దానికి 70 శాతం తక్కువ. రాత్రి తీసేయండి. పొగాకు మానడానికి ఇచ్చే వెరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు పాలిచ్చే తల్లి సొంతంగా మొదలుపెట్టకూడదు. సలహాకు జాతీయ టొబాకో క్విట్‌లైన్ 1800-11-2356, టోల్ ఫ్రీ.

పాకే వయసు వచ్చాక బీడీ ముక్కలు, ఖైనీ పొట్లం, వాడేసిన ప్యాచ్ నేల మీద ఉండకూడదు. బిడ్డ నోట్లో పెట్టుకుంటే వేలికి గుడ్డ చుట్టి బయటికి తీయండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు. చొంగ కారుతున్నా, పాలిపోయినా, మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేసి, మిగిలిన ముక్కనో పొట్లాన్నో డాక్టర్‌కు చూపించేందుకు వెంట తీసుకెళ్ళండి.