పాత అవుట్‌బోర్డ్ మోటారుకు ప్రాణం పోయడం: మొదటిసారి చేసేవాళ్లకు

అవుట్‌బోర్డ్ మోటారు అంటే పడవ వెనక బయటివైపు బిగించే ఇంజను. మొదటి మోటారు చిన్నదిగా ఉండాలి. 3 నుంచి 10 హార్స్‌పవర్ లోపు, 1950ల నుంచి 70ల వరకు వచ్చిన జాన్సన్, ఎవిన్‌రూడ్ టూ-స్ట్రోక్‌లు నేర్చుకోవడానికి బాగుంటాయి. ఒక్కరే ఎత్తి స్టాండు మీద పెట్టుకోవచ్చు. వాటి ఇంపెల్లర్లు (నీటి పంపులోని రబ్బరు రెక్కల చక్రాలు), కాయిల్స్ (స్పార్క్‌కు కరెంటు ఇచ్చే చుట్టలు), గాస్కెట్లు (జాయింట్ల మధ్య పెట్టే పలకలు) ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. ముందు ప్లేటు మీది మోడల్ నంబరు రాసుకుని, ఆ నంబరుకు సరిపోయే సర్వీస్ మాన్యువల్ సంపాదించండి. కొనేటప్పుడు కవరు, కార్బొరేటర్, తాడు లాగే స్టార్టర్ అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. పాత మోటార్లలో కొన్నింటికి రెండు గొట్టాల ప్రెషర్ ట్యాంకు ఉంటుంది. వాటికి ఫ్యూయల్ పంపు ఉండదు కాబట్టి ఆ ట్యాంకు లేకపోతే ఇంజనుకు పెట్రోలే అందదు.

ఇంటికి తేగానే మొత్తం విప్పేయాలనిపిస్తుంది. ఆగండి. ముందు పరీక్షించి, పరీక్షలో ఏది తప్పని తేలితే అదే విప్పాలి. మంచిగా ఉన్న జాయింటును విప్పితే ఒక గాస్కెట్ పోయినట్టే, ఒక్కోసారి ఒక బోల్టు కూడా విరుగుతుంది.

ఇంజను పైనున్న బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పి చూడండి. పట్టేసి ఉంటే ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో తుప్పు వదిలించే నూనె పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదపండి. తిరగలేదని సుత్తితో కొట్టకూడదు, తాడుతో గుంజకూడదు. ఇంజను తిరుగుతుంటే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి చూడండి. రెండు ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రానికి కంప్రెషన్ గేజ్ బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ ముల్లు ఇక పైకి కదలనంతవరకు తాడు లాగండి. ఈ చిన్న ఇంజన్లు 60 పీ.ఎస్.ఐ. దాటితే సాధారణంగా నడుస్తాయి. అసలు గమనించాల్సింది సిలిండర్ల మధ్య తేడా, అది 10 శాతం మించకూడదు. ఒకటి తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఆయిల్ వేసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే లోపం రింగుల్లో ఉంది. పెరగకపోతే ముందు హెడ్ గాస్కెట్‌ను అనుమానించండి.

ఇక స్పార్క్. ఎక్కువ మోటార్లు మూలన పడటానికి కారణం ఇదే. ప్లగ్గును బయట ఇంజను లోహానికి ఆనించి చూడటం మోసం చేస్తుంది, ఎందుకంటే అక్కడ స్పార్క్ దూకాల్సింది ముప్పావు మిల్లీమీటరే. గ్యాప్ మార్చుకునే టెస్టర్‌తో 6 మిల్లీమీటర్లు పెట్టి, తాడు లాగినప్పుడు నీలంగా, చిటపటమంటూ దూకుతుందేమో చూడండి. ఆ సమయంలో పెట్రోలు దగ్గర్లో ఉండకూడదు.

దూకకపోతే ఫ్లైవీల్ తీయాలి. నట్టు వదులు చేసి, పైనున్న మూడు రంధ్రాలకు బోల్టులతో పుల్లర్ బిగించి, మధ్య బోల్టు బాగా టైట్ చేసి, దాని తల మీద సుత్తితో గట్టిగా ఒక్క దెబ్బ వేయండి. ఫ్లైవీల్ అంచు కింద స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే అంచు చెడిపోతుంది, షాఫ్ట్ కొన మీద కొడితే మరలు నలిగిపోతాయి. 1950ల నాటి కాయిల్స్‌కు పైపూత బీటలు వారి ఉండటం మామూలే. ఒకటి బీటలు వారితే రెండూ మార్చేయండి, రెండోది ఎంతో కాలం ఆగదు. కొత్త కాయిల్ ఇనుప పాదాలు, వాటి కింద మలిచిన అంచుతో సమంగా ఉండాలి. బయటికి పొడుచుకువస్తే ఫ్లైవీల్ లోపలి అయస్కాంతాలకు రాసుకుంటాయి.

ఫ్లైవీల్ కింద కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చులు పాయింట్లు. వాటిని 400 నంబరు ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్ది, ఆల్కహాల్‌లో ముంచిన గట్టి కాగితాన్ని మధ్యలో పెట్టి లాగండి. ఎమరీ పొడి మిగిలితే కరెంటు పారదు. పాయింట్లను తెరిచే క్యామ్ ఎత్తైన చోట ఉన్నప్పుడు వాటి గ్యాప్ 0.5 మిల్లీమీటరు, అంటే 0.020 అంగుళం. ఫీలర్ గేజ్ మీది పల్చటి నూనె పొర కూడా పాయింట్లకు అంటుకుని స్పార్క్‌ను ఆపేస్తుంది, కాబట్టి గేజ్‌ను తుడిచాకే పెట్టండి. ఫ్లైవీల్ తిరిగి పెట్టేటప్పుడు షాఫ్ట్ కోను పొడిగా ఉండాలి, నూనె రాయకూడదు. కీ (ఫ్లైవీల్‌ను షాఫ్ట్ మీద సరైన చోట నిలిపే చిన్న లోహపు ముక్క) దాని గాడిలో ఉందో లేదో చూసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు నట్టు బిగించండి. వదులుగా ఉంటే కీ తెగి టైమింగ్ తప్పుతుంది. అప్పుడు స్పార్క్ ఉన్నా ఇంజను అందుకోదు.

కార్బొరేటర్‌లో ఎండిపోయిన పెట్రోలు బంకలా పేరుకుని ఉంటుంది. విప్పి, క్లీనర్‌లో నానబెట్టి, ప్రతి దారిలోంచీ గాలి ఊదండి. జెట్లలో (పెట్రోలు కొలిచి పంపే సన్నని రంధ్రాలు) తీగ దూర్చకండి, రంధ్రం పెద్దదవుతుంది. కార్క్ ఫ్లోటుకు పైపూత లేచిపోతే పెట్రోలు పీల్చుకుని మునుగుతుంది, ఇంజను తడిసిపోతుంది. దాన్ని మార్చడమే మంచిది. పెట్రోలు పాళ్లు సర్దే నీడిల్స్‌ను వేళ్లతో మెల్లగా, ఆనేంతవరకే తిప్పండి. గట్టిగా బిగిస్తే కొన మీద గీత పడి, ఇక ఎప్పటికీ సర్దుబాటు కుదరదు. అక్కడి నుంచి స్లో నీడిల్‌ను ఒకటిన్నర చుట్టు, హై స్పీడ్ నీడిల్‌ను ముప్పావు చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టండి.

పెట్రోలులో కలిపే ఆయిల్ లెక్క తప్పితే ఇన్నాళ్ల పనీ పోతుంది. జాన్సన్, ఎవిన్‌రూడ్‌లలో 1963 వరకు వచ్చిన 1950ల తరం మోటార్లకు సాధారణంగా 24:1, అంటే లీటరుకు 42 మిల్లీలీటర్లు. 1964 నుంచి చాలావాటికి 50:1, లీటరుకు 20. ఇంకా పాతవాటికి 16:1 కూడా ఉంటుంది, మాన్యువల్ మాటే చివరిది. వాడాల్సింది టీసీ-డబ్ల్యూ3 గుర్తు ఉన్న మెరైన్ ఆయిల్, మోటార్‌సైకిల్ టూ-స్ట్రోక్ ఆయిల్ కాదు.

స్పార్క్, కంప్రెషన్ ఎంత బాగున్నా నీటి పంపు ఇంపెల్లర్ మాత్రం మార్చాల్సిందే. ఏళ్ల తరబడి ఒకే వంపులో ఉన్న రబ్బరు రెక్కలు గట్టిపడిపోతాయి. పంపును చేరాలంటే ప్రొపెల్లర్ ఉండే కింది భాగాన్ని, అంటే గేర్‌కేస్‌ను దించాలి. అందుకు ఎక్కువగా గేర్ రాడ్ కలిసే చిన్న బోల్టు ముందు తీయాలి. పట్టేసిన బోల్టుల దగ్గర ఓపిక కావాలి. చుట్టూ ఉన్న అల్యూమినియంను టార్చ్‌తో వేడిచేసి, చల్లారాక నూనె వేసి, ముందు కొంచెం బిగించి తర్వాత వదులు చేయండి. ఇలా ముందుకూ వెనక్కూ ఆడించాలి. తిరిగి పెట్టేటప్పుడు మరలకు యాంటీ-సీజ్ రాయండి.

కొత్త ఇంపెల్లర్‌ను కీ మీద కూర్చోబెట్టి, డ్రైవ్ షాఫ్ట్‌ను నడిచే దిశలోనే తిప్పుతూ పంపు కవరులోకి దించండి. షాఫ్ట్ పై కొనలోని గాడుల పక్కలకు గ్రీజు రాయండి గానీ నెత్తిన పెట్టకండి, అది అడ్డుపడి షాఫ్ట్ పూర్తిగా దిగదు. నీటి గొట్టం రబ్బరు మూతిలోకి దిగిందో లేదో చూశాకే బోల్టులు బిగించండి. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా వస్తే సీళ్లు పోయాయని అర్థం. కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచి ఎక్కించి, పైదానిలోంచి కారాక ముందు పైది, తర్వాత కిందిది మూయండి.

మొదటి స్టార్టు ఆరుబయట, నీళ్లు నింపిన డ్రమ్ములో. ప్రొపెల్లర్ తీసేసి, నీటి మట్టం పంపుకు పైన ఉండేలా చూసుకోండి. పొడిగా నడిపితే కొత్త ఇంపెల్లర్ క్షణాల్లో కాలిపోతుంది. పాత మోటార్లలో చాలావాటికి నీళ్లు చిమ్మే సూచిక రంధ్రం ఉండదు, వెనక పొగ రంధ్రంలోంచి తుంపరలు రావడమే గుర్తు. హెడ్ మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమంటే వెంటనే ఆపేయండి. స్లో నీడిల్‌ను డ్రమ్ములోనే సర్దవచ్చు. హై స్పీడ్ నీడిల్‌కు మాత్రం నిజమైన భారం కావాలి, అది పడవ మీద, ప్రొపెల్లర్ బిగించి పూర్తి థ్రాటిల్‌లో చేయాల్సిన పని. రంగు వేయడం ఆ తర్వాతే.