శరణార్థి శిబిరంలో పాఠాలు చెప్పబోతున్నారా?
శరణార్థి శిబిరంలో పిల్లలకు చదువు చెప్పడానికి వాలంటీర్‌గా వెళ్తుంటే, ఏ రోజు పాఠం ఆ రోజే పూర్తయ్యేలా తయారు చేసుకోండి. నిన్న వచ్చిన పిల్లలు ఇవాళ ఉండకపోవచ్చు, కొత్తవాళ్లు చేరొచ్చు. "నిన్న ఎక్కడ ఆపాం?" అని మొదలుపెడితే కొత్తగా వచ్చిన పిల్ల బిక్కమొహం వేస్తుంది. వయసులూ కలగలిసే ఉంటాయి కాబట్టి ఒకే పనిని చిన్నవాళ్లకు సులువుగా, పెద్దవాళ్లకు కాస్త కష్టంగా ఇవ్వండి.

క్లాసు మొదలు మాత్రం రోజూ ఒకేలా ఉండాలి. అదే పాట, అదే పలకరింపు. అన్నీ తారుమారైన పిల్లలకు తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలియడం ఎంతో ధైర్యాన్నిస్తుంది.

"మీ ఇంటి బొమ్మ గీయండి", "మీ నాన్న ఏం చేస్తారు?" లాంటివి దయచేసి వద్దు. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, తవ్వి అడగొద్దు. ఫొటోలు పోస్ట్ చేయడం అసలే వద్దు. ఆ కుటుంబం ఎవరి నుంచి తప్పించుకుని వచ్చిందో మనకు తెలియదు కదా.

1951 శరణార్థుల ఒప్పందంలో చేరిన దేశాలు ప్రాథమిక విద్య విషయంలో ఈ పిల్లలను తమ పౌరులతో సమానంగా చూడాలి. స్థానిక బడిలో చేర్పించే వీలుందేమో శిబిరం సిబ్బందిని తప్పకుండా అడగండి.

మీరు వెళ్లిపోయే తేదీ పిల్లలకు ముందే చెప్పండి. ఎవరికి ఏం వచ్చో రాసి, తర్వాత వచ్చే టీచరుకు ఇవ్వండి.