తాతగారి మిలిటరీ కాగితాలు చదివే పద్ధతి

హలసూరు చెరువు పక్కనే సైన్యపు ఇంజనీరింగ్ దళం మద్రాస్ సాపర్స్ కేంద్రం. అందుకే బెంగళూరు తెలుగువాళ్ల ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున ఒక డిశ్చార్జి పుస్తకమో, రెండు పతకాలో కనిపిస్తుంటాయి. వాటిని పేరుతో మొదలుపెట్టి చదవకండి, సైనికుడికిచ్చిన నంబరుతో మొదలుపెట్టండి. గుమాస్తా చెవిన పడ్డట్టు రాసిన పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందుంటే మరోచోట అసలే ఉండదు. పాత నంబర్లు ఏ రెజిమెంటుకు ఆ రెజిమెంటు వరుస కాబట్టి, అదే నంబరు ఇంకో రెజిమెంటులో మరొకరికి ఉండొచ్చు. నంబరు, యూనిట్, తండ్రి పేరు, ఊరు నాలుగూ కుదిరితేనే మీ మనిషి.

ఊరి దగ్గర చాలామంది తప్పిపోతారు. జిల్లాలు అప్పటివి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చేరిన మదనపల్లె మనిషిది కడప జిల్లా, చిత్తూరు మనిషిది ఉత్తర ఆర్కాడు. ‘చికాకోల్’ అంటే శ్రీకాకుళం, 1936 దాకా గంజాంలో ఉండేది. ఒంగోలు 1970 వరకు గుంటూరు జిల్లా.

‘క్యాజువాల్టీ’ అన్న మాట చూసి గాయపడ్డారనుకోవద్దు. సైన్యం లెక్కలో నమోదు చేయాల్సిన ఏ మార్పయినా క్యాజువాల్టీయే: సెలవు, బదిలీ, ప్రమోషన్, పెళ్లి, బిడ్డ పుట్టడం కూడా. పక్కనున్న పార్ట్-2 ఆర్డరు (యూనిట్ ఇలాంటి మార్పులను ప్రకటించే ఉత్తర్వు) నంబరు, తేదీ తప్పక రాసిపెట్టుకోండి. ‘ఎస్.ఓ.ఎస్.’ అంటే ఆ యూనిట్ లెక్కలోంచి తీసేశారని మాత్రమే, శిక్ష కాదు. తర్వాతి వరుసలో ‘టి.ఓ.ఎస్.’, అంటే కొత్త యూనిట్ లెక్కలో చేర్చుకున్నారన్న మాట, ఎక్కడుందో వెతికితే ఎక్కడికి వెళ్లారో తెలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధపు కాగితాల్లో సేనల పేర్లు పనిచేసిన చోటు చెబుతాయి: ‘ఎం.ఇ.ఎఫ్.’ మధ్యప్రాచ్యం, ‘పైఫోర్స్’ ఇరాన్-ఇరాక్, ‘సి.ఎం.ఎఫ్.’ ఇటలీ వైపు. జమేదారు అంటే ఆఫీసు జమేదారు కాదు. 1965లో నాయబ్ సుబేదారుగా పేరు మారిన సైనిక హోదా.

మొదటి ప్రపంచయుద్ధపు గుండ్రటి పతకాల అంచున నంబరు, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. భూతద్దంతో చూడండి, పాలిష్ మాత్రం పెట్టకండి, అక్షరాలు అరిగిపోతాయి. బ్రిటిష్ వార్ మెడల్ వెండికి బదులు కంచుదైతే ఆయన లేబర్ దళం వంటి సహాయక పనిలో ఉన్నట్టు. రెండో ప్రపంచయుద్ధపు పతకం బర్మా స్టార్ ఉన్నంత మాత్రాన సరిహద్దు దాటి బర్మా వెళ్లారని తేల్చేయకూడదు; బెంగాల్, అస్సాంలలో నిర్ణీత కాలాల్లో పనిచేసిన వారికీ ఇచ్చారు.

సర్వీసులో చనిపోయినవారైతే, ప్రపంచయుద్ధాల్లో మరణించిన కామన్‌వెల్త్ సైనికుల వివరాలు నమోదు చేసే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో చూడండి. అందులో 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు జరిగిన మరణాలు ఉంటాయి. పేరు దొరక్కపోతే యూనిట్, తేదీలతో వెతకండి. బతికి వచ్చినవారి వివరాలకు రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాస్తూ నంబరు, పార్ట్-2 వివరాలు, పెన్షన్ కాగితం నకలు, మీ బంధుత్వం చూపే పత్రం జతచేయండి. అసలు కాగితాలు పంపకండి.